ఖాళీ కాంటా

ఆ అమ్మాయి నాకు మూడుసార్లు చెప్పింది. మూడుసార్లూ నేను వినలేదు. వినకపోగా ఆమెకే నాలుగు చీవాట్లు పెట్టి పంపించాను. ఈ సంగతి ఎప్పుడు తలుచుకున్నా నాకు ఒళ్ళు మండుతుంది. ఎవరి మీద అంత కోపం అని అడిగితే చెప్పడానికి చాలామందే ఉన్నారు. కానీ వరసలో ముందు నిలబడవలసింది నేనే.

నేను ఆబిడ్స్‌లో ఒక ప్రైవేటు దవాఖానలో ఫిజియోథెరపిస్టుని. పెద్ద రోడ్డు మీది నుంచి సందులోకి తిరిగి, చెప్పుల దుకాణాలు దాటాక ఒక పాత భవనంలో రెండో అంతస్తు. లిఫ్టు ఉంది, నెలకు పదిహేను రోజులు పనిచేస్తుంది. మిగతా పదిహేను రోజులు మోకాళ్ళు పాడైనవాళ్ళు మెట్లెక్కి మోకాళ్ళ వైద్యానికి రావాలి. లోపల చివరి గది నాది. ఆ గదిలో నేలను తవ్వి రెండు ఇనుప పలకలు పక్కపక్కన అమర్చారు. ఒక్కొక్కటి భోజనానికి కూర్చునే పీటకు రెండింతలు ఉంటుంది. ఫోర్స్ ప్లేట్లంటారు వాటిని. మనిషి వాటి మీద నిలబడ్డా, నడిచినా, ఎగిరి దూకినా ఏ కాలు నేలను ఎంత గట్టిగా తొక్కిందో పక్కనున్న కంప్యూటరులో గీత గీసి చూపిస్తాయి.

మనం నేలను ఎంత తొక్కితే నేల మనల్ని అంత పైకి తోస్తుంది. పరుగైనా, ఎగరడమైనా అంతా ఆ ఇచ్చిపుచ్చుకోవడమే. ఆపరేషన్ అయిన మోకాలు ఇక్కడే దొంగాట ఆడుతుంది. మనిషికి తెలియకుండానే బరువును మంచి కాలు మీదికి జరిపేస్తుంది. పక్కన నిలబడి చూసేవాళ్ళ కంటికి అది దొరకదు. ప్లేటుకు దొరుకుతుంది. అందుకే నాకు ఆ ప్లేట్లంటే గౌరవం. గౌరవం అన్నది చిన్న మాట, భక్తి అనాలి. ఆ భక్తే కొంప ముంచింది.

ఆ అమ్మాయి దసరా వెళ్ళిన మరుసటి వారం వచ్చింది. ఇరవై ఏళ్ళు దాటాయి. కబడ్డీ ఆడుతుంది. పాలమూరు వైపు నుంచి కూలిపనికి వచ్చిన కుటుంబం, నాంపల్లి స్టేషన్ వెనక ఒక గది కిరాయికి తీసుకుని ఉంటున్నారు. తల్లి మొజంజాహీ మార్కెట్‌లో ఒక పండ్ల దుకాణంలో సంత్రాలు ఏరి పేర్చే పని చేస్తుంది. ఆ రోజు తల్లే తోడు వచ్చింది. గది గుమ్మంలోనే చెప్పులు విప్పి, కూతురు ఎక్కబోయే ప్లేటును వేళ్ళతో ముట్టుకుని కళ్ళకద్దుకుంది.

అమ్మాయికి ఏడాది కిందట ఆటలో ఎడమ మోకాలి లిగమెంట్ తెగింది. వేరే చోట ఆపరేషన్ అయింది. ఉద్యోగం ఇచ్చి ఆడించే ఒక సంస్థ జట్టుకు డిసెంబరులో సెలక్షన్ ఉంది. ఆపరేషన్ అయినవాళ్ళు రెండు కాళ్ళ బలానికి తేడా నూటికి పది దాటలేదని రిపోర్టు తేవాలి, లేకపోతే మ్యాట్ మీదికే రానివ్వరు. వచ్చే ఏడాదికి ఆమె వయసు దాటిపోతుంది. అంటే ఇదొక్కటే అవకాశం.

"గీ కాగితం ఒక్కటి చేతికొస్తే చాలు మేడం. మిగతాది మ్యాట్ మీద నేను చూస్కుంట," అంది.

ఆ ధీమా నాకు నచ్చింది. నచ్చిందని ఆమెకు చెప్పలేదు. ప్లేట్ల మీద నిలబెట్టి, చేతులు నడుము మీద పెట్టుకోమని, కొంచెం కూర్చున్నట్టు వంగి ఉన్న బలమంతా పెట్టి పైకి ఎగరమన్నాను. ఎగిరింది. నా గదిలో చాలామంది ఎగిరారు గానీ, అంత ఎత్తు ఎగిరినవాళ్ళు తక్కువ. తెర మీద చూస్తే కుడి కాలు నూరు తొక్కితే ఎడమ కాలు ఎనభై రెండే తొక్కింది. ఇంకో అయిదుసార్లు ఎగిరించాను. అదే లెక్క.

"మంచిగనే తొక్కిన మేడం. రెండు కాళ్ళు సమానం తొక్కిన. నాకు ఎరుకైతది గదా," అంది.

"నీకే ఎరుకైతే ఇంక ఈ మెషీన్ ఎందుకమ్మా?" అన్నాను. అని నవ్వాను కూడా.

ఆమె తెర మీద ఇంకో అంకె వైపు వేలు చూపించింది. "నా బరువు యాభై ఎనిమిది. గీడ యాభై నాలుగు అంటున్నదేంది?"

"ఆపరేషన్ తర్వాత కండ కరిగిపోయింది. తిండి సరిగ్గా తింటున్నావా?"

"తింటది అమ్మా, మంచిగ తింటది," అని తల్లి గాభరాగా అడ్డొచ్చింది. నేను ఆగలేదు. గుడ్లు పెట్టు, పల్లీలు పెట్టు, పప్పు పలచగా చెయ్యకు అని, పొద్దు మొలవకముందే మార్కెట్‌కు పోయి సాయంత్రం దాకా నిలబడి పనిచేసే మనిషికి తిండి గురించి ఉపన్యాసం ఇచ్చాను. ఆమె నేల చూపులు చూస్తూ, ఔనమ్మా ఔనమ్మా అని తలూపింది. ఆ తలూపడం గుర్తొస్తే నా మొహాన నేనే పేడ కొట్టుకోవాలనిపిస్తుంది.

రెండువారాల తర్వాత మళ్ళీ వచ్చింది. నేనిచ్చిన వ్యాయామాలన్నీ చేసింది. చెయ్యని మనిషి తొడ చూస్తే తెలిసిపోతుంది, ఈమె తొడ గట్టిపడింది. అయినా తెర మీద ఎడమ కాలు ఎనభై రెండే. బరువు యాభై నాలుగే.

"మీ మెషీన్ జర చూడరాదు మేడం. ఏమన్న తప్పు చూపిస్తుందేమో," అంది.

దానికి నేనన్న మాట ఉన్నదున్నట్టు రాస్తున్నాను, నాకు శిక్షగా ఉంటుంది. "ఆడలేక మద్దెల ఓడన్నట్టుంది నీ వ్యవహారం. లోపం మోకాలిలో కూడా లేదమ్మా, నీ తలలో ఉంది. ఎడమ కాలు మోపడానికి భయపడుతున్నావు. ముందు ఆ భయం వదిలించుకో."

ఆమె మొహం ఎర్రబడింది. కబడ్డీ ఆడే పిల్లను భయస్తురాలంటే ఎట్లా ఉంటుంది? చెప్పులేసుకుని పోయింది.

మూడోసారి వచ్చింది నవంబరు చివర. ఈసారి ఒక్కతే వచ్చింది. ప్లేటు ఎక్కకముందే మొదలుపెట్టింది.

"మేడం, మా అమ్మ పనిచేసే కాడ రెండు కాంటాలున్నయ్, కరెంటువి. పొద్దుగాల గిరాకీ లేనప్పుడు రెండిటినీ పక్కపక్కన పెట్టి ఒక్కోదాని మీద ఒక్కో కాలు పెట్టి నిలబడ్డ. గీ కాలు ఇరవై తొమ్మిది, గా కాలు ఇరవై తొమ్మిది. రెండు కలిపితే యాభై ఎనిమిది. మరి మీ కాడ నాలుగు కిలోలు యాడికి పోయినయ్?"

నేనేమన్నాను? "పండ్ల కాంటాకూ దీనికీ పోలికా? నిలబడడం వేరు, దూకడం వేరు," అన్నాను. పుస్తకం తెరిచి చూస్తే ఆ మాటలో తప్పు లేదు. ఊరికే నిలబడినప్పుడు రెండు కాళ్ళ మీదా సమానంగా బరువు పెట్టేవాళ్ళు కూడా ఎగిరేటప్పుడు ఒక కాలిని దాచుకుంటారు. కానీ ఆమె అడిగింది అది కాదు. నాలుగు కిలోలు ఏమయ్యాయని అడిగింది. దానికి జవాబు చెప్పకుండా ప్లేటెక్కమన్నాను. ఎనభై ఒకటి వచ్చింది. రిపోర్టు మీద ఆ అంకె వేసి, కింద సంతకం పెట్టాను.

ఇంతకీ ఆ ప్రశ్న ఆమె ఎవరిని అడిగిందో తెలుసా? కాంటాలు బాగుచేసేవాడి కూతుర్ని.

మా బాపుది ఉస్మాన్‌గంజ్‌ టోకు బజారులో కాంటాల దుకాణం. గంజ్‌లో బస్తాలు తూచే పెద్ద కాంటాలు, బల్ల మీద పెట్టే చిన్నవి, ఏవి పాడైనా ఆయన దగ్గరికే వచ్చేవి. బడి లేని రోజుల్లో నేను ఆ దుకాణంలోనే గోనె పరుచుకుని కూర్చునేదాన్ని. కాంటా బాగుచెయ్యడానికి పిలుపొస్తే బాపు ముందు చేసే పని ఒకటుండేది. జేబులోంచి పాత పోస్టుకార్డు తీసి, బస్తా పెట్టే పళ్ళేనికీ చుట్టూ ఉన్న చట్రానికీ మధ్య సందులో దూర్చి, నాలుగువైపులా తిప్పేవాడు. కార్డు ఎక్కడా ఆగకుండా తిరిగితేనే తూకం రాళ్ళు పైకెక్కించేవాడు. ఆగిందంటే అక్కడ ఒక కందిబేడో, రాయిముక్కో ఇరుక్కుని ఉన్నట్టు. పళ్ళెం దాన్ని ఆనుకుని నిలబడుతుంది, పైన పెట్టిన బరువులో కొంత దాని మీదుగా చట్రంలోకి పోతుంది. రైతు తెచ్చిన బస్తా తక్కువ తూగుతుంది. కొందరు సేట్లు కావాలని కూడా ఇరికించేవాళ్ళు.

"కాంటా ఖాళీగున్నప్పుడు సున్న చూపిస్తున్నది గద బాపూ," అని ఒకసారి అడిగాను. అప్పుడు నాకు ఎనిమిదో తొమ్మిదో ఏళ్ళు.

"సున్న చూసి మురవద్దు బిడ్డా. ఖాళీ కాంటా ఎప్పుడూ నిజమే చెప్తది. దాని మీద ఎవడన్న ఎక్కినప్పుడే దాని బుద్ధి బయటపడేది," అన్నాడు.

నేను రోజూ పొద్దున కంప్యూటరు పెట్టగానే రెండు ప్లేట్లూ సున్నా చూపిస్తున్నాయో లేదో చూసేదాన్ని. చూపించేవి. నేను మురిసేదాన్ని. నాలుగున్నరేళ్ళు చదివి, ఇంకో రెండేళ్ళు చదివి, ప్లేటు కింద నాలుగు మూలల్లో సెన్సార్లు ఎట్లా పనిచేస్తాయో పరీక్షలో బొమ్మ గీసి మార్కులు తెచ్చుకున్న నేను, నాలుగు కిలోలు తక్కువొస్తే ఒక పేదతల్లి వంటను తప్పుపట్టాను గానీ ప్లేటు సందులోకి వంగి చూడలేదు. దీపం కిందే చీకటి అంటారు. ఇక్కడ దీపం కింద ఏముందో చెప్తాను.

సెలక్షన్ రోజు సాయంత్రం ఆ తల్లి ఫోన్ చేసింది. "రానియ్యలే అమ్మా. కాగితం చూసి గేటు కాడనే పక్కకు నిలబెట్టిన్రు," అంది. నన్ను ఒక్కమాట కూడా అనలేదు. నేను ఏదో ఓదార్పు చెప్పాను. ఏం చెప్పానో ఇప్పుడు గుర్తు కూడా లేదు, అంత ఉత్తమాట అది.

తర్వాత పది పన్నెండు రోజులకు గౌలిగూడ నుంచి ఒక పహిల్వాన్ వచ్చాడు. యాభై దాటిన మనిషి, తాలీంలో పిల్లలకు కుస్తీ నేర్పుతాడు. పట్టు చూపిస్తుంటే ఎడమ మోకాలు మెలిపడి వాచింది. మా గదికి కిటికీ దక్షిణం వైపుంది. వచ్చినవాళ్ళందర్నీ కిటికీ వైపు తిరిగి నిలబడమంటాం. అప్పుడే ఎడమ ప్లేటు మీద ఎడమ కాలు, కుడి ప్లేటు మీద కుడి కాలు పడతాయి.

పహిల్వాన్ ససేమిరా అన్నాడు. "దక్షిణం దిక్కు మొకం పెట్టి నేను ఏ పనీ షురూ చెయ్య బిడ్డా. నా ఉస్తాద్ నేర్పిన పద్ధతి. గిట్లనే నిలబడ్త," అని కిటికీకి వీపు పెట్టి, తలుపు వైపు తిరిగి నిలబడ్డాడు. వాదించే ఓపిక లేక సరే అన్నాను. ఎడమనూ కుడినీ తారుమారు చేసి రాసుకుంటే సరిపోతుంది కదా అనుకున్నాను.

ఎగరడం కాదు, ఊరికే కూర్చుని లేవమన్నాను. లేచాడు. తెర మీద ఎప్పటిలాగే ఎడమ ప్లేటు తక్కువ చూపించింది. తారుమారు చేసి రాయబోతుంటే నా చెయ్యి ఆగిపోయింది. ఇప్పుడు ఆ ప్లేటు మీదున్నది ఆయన కుడి కాలు. బాగున్న కాలు. వాచిన ఎడమ కాలేమో దివ్యంగా పనిచేస్తోందట.

ఆయన తెరలోకి తొంగిచూశాడు. "ఏంది బిడ్డా, దెబ్బ తాకిన కాలు పహిల్వానయింది, మంచి కాలు కుంటిదయిందా?" అని పెద్దగా నవ్వాడు.

నాకు నవ్వు రాలేదు. ఆయన్ని కుర్చీలో కూర్చోబెట్టి నేనే ప్లేట్లెక్కాను. కిటికీ వైపు తిరిగి ఎగిరితే నా ఎడమ కాలు బలహీనం. తలుపు వైపు తిరిగి ఎగిరితే కుడి కాలు బలహీనం. బలహీనత మనిషిలో లేదు, ప్లేటులో ఉంది. ఇట్లా వెనక్కి తిరిగి నిలబడమని ఆ అమ్మాయికి ఒక్కసారి చెప్పి ఉంటే ఆ రోజే తేలిపోయేది. అర నిమిషం పని.

బల్ల మీద మా పెద్ద డాక్టరుగారి విజిటింగ్ కార్డులు దొంతరగా ఉన్నాయి. ఒకటి తీసుకుని నేల మీద కూర్చున్నాను. కుడి ప్లేటు చుట్టూ కార్డు ఎక్కడా ఆగకుండా తిరిగింది. ఎడమ ప్లేటుకు రెండు వైపులా తిరిగింది, మూడో వైపు మూల దగ్గర ఆగిపోయింది. ఫోన్ లైటు వేసి చూస్తే సందులో పచ్చగా ఏదో మెరిసింది. స్క్రూడ్రైవరుతో తవ్వాను. రాయిలా గట్టిపడ్డ ముద్ద ముక్కలుగా ఊడొచ్చింది. బియ్యపు గింజలు, పసుపు, కుంకుమ, కొబ్బరి పీచు, కరిగి మళ్ళీ గట్టిపడ్డ బెల్లం.

దాన్ని నేను వెంటనే గుర్తుపట్టాను. పెట్టింది నేనే కాబట్టి.

దసరాకు మా దగ్గర ఎవరి పనిముట్లకు వాళ్ళు పూజ చేసుకుంటారు. గంజ్‌లో కాంటాలకు, గౌలిగూడలో బస్సులకూ లారీలకూ, మార్కెట్‌లో కత్తులకు. మేం ఆ రోజు ట్రెడ్‌మిల్లుకూ సైకిలుకూ బొట్లు పెట్టాం. మా గదిలో పెద్ద ఆయుధం ప్లేట్లే కదా అని వాటికి నాలుగు మూలలా పసుపు కుంకుమలు పెట్టి, అక్షింతలు చల్లి, మధ్యలో బెల్లం నైవేద్యం పెట్టి, పక్కనే నేల మీద కొబ్బరికాయ కొట్టాను. నీళ్ళు చిమ్మాయి, ప్లేటు మీద పారాయి. శుభం అన్నారు అందరూ. ఆయమ్మ పైపైన తుడిచింది. అక్షింతలూ బెల్లమూ కొబ్బరినీళ్ళతో కలిసి సందులోకి జారి, వారంలో సిమెంటయ్యాయి. ఆ గది తలుపు మీద "లోపలికి నీళ్ళు, టీ తేకూడదు" అని కాగితం అతికించింది కూడా నేనే. మంచినీళ్ళ సీసా పట్టుకొచ్చినవాళ్ళను గుమ్మంలోనే ఆపేదాన్ని. కొబ్బరినీళ్ళకు మాత్రం దారిచ్చాను.

పూజను నేనేమీ అనడం లేదు. మా బాపూ చేసేవాడు. కానీ ఆయన కాంటాకు బొట్టు స్తంభానికి పెట్టేవాడు, పళ్ళేనికి కాదు. కాయ దుకాణం గడప బయట కొట్టేవాడు. ఎందుకని నేను ఎప్పుడూ అడగలేదు. పని తెలిసినవాడి భక్తికి కూడా ఒక పద్ధతుంటుంది. నాది చదువుకున్నవాళ్ళ భక్తి, దానికి ఫోటో బాగా రావాలి. ఆ రోజు ఫోటోలు తీసి అందరికీ పంపాం కూడా.

ఆ ముద్దను కాగితంలో పొట్లం కట్టి పెద్ద డాక్టరుగారి బల్ల మీద పెట్టాను. దవాఖాన ఆయనదే. చూసి, "ఆయమ్మ సరిగ్గా తుడవలేదన్నమాట," అన్నారు.

"ఆయమ్మ కాదు సార్, కాయ కొట్టింది నేను."

"సరేలేండి, శుభ్రం చేశారు కదా. ఇంక ఈ విషయం ఇక్కడితో వదిలెయ్యండి."

వదిలెయ్యాలట! దసరా నుంచి వచ్చినవాళ్ళ జాబితా ఆయన ముందు పెట్టాను. ఎడమ మోకాళ్ళవాళ్ళకు లేని బలహీనత అంటగట్టాం. కుడి మోకాళ్ళవాళ్ళ సంగతి ఇంకా ఘోరం. వాళ్ళ నిజమైన బలహీనత ప్లేటు తప్పులో దాగిపోయింది, రెండు కాళ్ళూ సమానమే, ఆడుకోండి అని పంపించేశాం. అందరికీ ఫోన్ చేసి మళ్ళీ పిలవాలన్నాను.

"పేషెంట్లకు మన మెషీన్ తప్పు చెప్పిందని మనమే చెప్తే రేపు మన గడప ఎవరు తొక్కుతారు మేడం?"

"తొక్కినా మన ప్లేటుకు తెలియడం లేదు కదా సార్," అన్నాను. ఆయనకు కోపం వచ్చింది. రానీ అనుకున్నాను. నాకు వచ్చిన దాంట్లో అది పదో వంతు కూడా ఉండదు. నా గదికి వచ్చి తలుపేసుకుని ఒక్కొక్కరికీ ఫోన్ చేశాను. కొందరు తిట్టారు. తిడుతుంటే కొంచెం హాయిగా అనిపించింది.

మర్నాడు జరిగిందంతా కాగితం మీద రాసి, సంతకం పెట్టి, ఆ సంస్థ ఆఫీసుకు నేనే తీసుకెళ్ళాను. అక్కడున్న పెద్దమనిషి ఓపికగా చదివాడు. "సెలక్షన్ అయిపోయింది మేడం. లిస్టు పైకి పోయింది. మీ మెషీన్ తప్పయితే మేమేం చేస్తం చెప్పున్రి?" అన్నాడు. అందులో తప్పు పట్టడానికి నాకేమీ దొరకలేదు. అది ఇంకా మండించింది.

ఇంటికొచ్చి బాపుకు చెప్పాను. దుకాణం మూసేసి చాలా ఏళ్ళయింది, ఇప్పుడు నా దగ్గరే ఉంటున్నాడు. అంతా విని ఒకే ఒక మాట అడిగాడు. "కార్డు తిప్పలేదా బిడ్డా?" కోప్పడలేదు. నిజంగా ఆశ్చర్యపోయి అడిగాడు, పొయ్యి వెలిగించకుండా అన్నం ఎట్లా వండబోయావన్నట్టు. నేను లేచి వంటింట్లోకి పోయాను.

చేతులు కాలాక ఆకులు పట్టుకోవడానికి మొజంజాహీ మార్కెట్‌కు పోయాను. అమ్మాయి కూడా తల్లితో పాటు దుకాణంలోనే ఉంది, ఎవరికో బత్తాయిలు తూచి ఇస్తోంది. గిరాకీ పోయేదాకా ఆగి, చెప్పాల్సిందంతా చెప్పాను. నా తప్పని చెప్పాను. కొబ్బరికాయ సంగతీ చెప్పాను. తల్లి చీరకొంగు నోటికడ్డం పెట్టుకుంది. అమ్మాయి మాత్రం కాంటా మీద మిగిలిన ఒక బత్తాయిని తీసి కుప్పలో పెట్టి, "మరి గిప్పుడేం జెయ్యాలె?" అంది.

మళ్ళీ పరీక్ష చేస్తానన్నాను. మంచి రిపోర్టు చేతిలో ఉంటే వేరే జట్టు ఏదైనా అడగొచ్చు, నేనే వెంటవచ్చి మాట్లాడతానన్నాను. ఆమె దుకాణం మెట్టు దిగుతుంటే చూశాను. కుడి కాలు ముందు దింపి, దాని మీద బరువంతా వేసి, అప్పుడు ఎడమ కాలు తెచ్చుకుంది. నా పని అదే కాబట్టి నా కళ్ళు మోకాలి మీదికే పోయాయి. వాచి ఉంది.

"ఇదేంది?"

తల్లే చెప్పింది. ఎడమ కాలు సరిగ్గా తొక్కుతలేదు, అదంతా భయమే అని నేను అన్న రోజు నుంచి రోజూ పొద్దున, సాయంత్రం తాము ఉండే భవనం మూడంతస్తుల మెట్లు ఎడమ కాలి మీద ఒంటికాలితో గెంతుకుంటూ ఎక్కేదట. తర్వాత భుజాన పండ్ల సంచి పెట్టుకుని ఎక్కేదట. "వద్దు బిడ్డా అంటే, మెషీన్ చెప్పిందమ్మా, నాకే భయం ఉన్నదట అంటుండె," అంది తల్లి. సెలక్షన్ ముందు రోజే మోకాలిలో ఏదో కలుక్కుమంది. గేటు దగ్గర ఆపేసిన తర్వాత కూడా ఆ దెబ్బ సంగతి బయట ఎవరికీ చెప్పలేదు.

బాగున్న కాలిని బాగులేదని చెప్పాను. ఆమె నన్ను కాదని తన ఒంటిని నమ్మి ఉంటే కాలు మిగిలేది. నాకు ఎదురు చెప్పిందే గానీ చివరికి నన్నే నమ్మింది. తెల్లకోటు వేసుకుని తెర చూపించి మాట్లాడే మనిషిని ఎన్నిసార్లు కాదనగలదు?

వాపు తగ్గడానికి మందులు, ఐసు, విశ్రాంతి అన్నీ చూశాను. మూడు వారాల తర్వాత నా గదికి వచ్చింది. తల్లి కూడా వచ్చింది, కానీ ఈసారి ప్లేటును ముట్టుకుని కళ్ళకద్దుకోలేదు. గోడకు ఆనుకుని నిలబడింది. నేను జేబులోంచి పోస్టుకార్డు తీశాను, బాపు ఇచ్చింది. వంగబోతుంటే అమ్మాయి చెయ్యి చాచింది.

"నాకియ్యున్రి."

కార్డు తీసుకుని, ఎడమ కాలు చాపి కష్టంగా నేల మీద కూర్చుంది. కుడి ప్లేటుకు నాలుగువైపులా తిప్పింది. ఎడమ ప్లేటుకు నాలుగువైపులా తిప్పింది. ఆ మూల దగ్గర రెండోసారి కూడా తిప్పింది. అప్పుడు లేచి, కార్డు తన దగ్గరే పెట్టుకుని ప్లేట్లెక్కింది. తెర మీద బరువు వచ్చింది. యాభై ఎనిమిది.

ఎగరొద్దన్నాను. మెల్లగా కూర్చుని లేస్తే చాలన్నాను. పహిల్వాన్ చేసినట్టే చేసింది. కుడి కాలు నూరు. ఎడమ కాలు డెబ్భై నాలుగు. నేను తెరను పక్కకు తిప్పాలనుకున్నాను, తిప్పలేదు. ఆమె అంకెలు చదివింది. దిగి, చెప్పులేసుకుని, కార్డు నా చేతిలో పెట్టింది.

"గిప్పుడు మీ మెషీన్ నిజమే చెప్తున్నది మేడం," అంది. "గప్పుడు నేను చెప్పిన."